బూజు మందు కొట్టబోతున్న మేనకోడలికి

వింజమూరు

చిరంజీవి సుజాతకు అత్త ఆశీస్సులు.

మొక్కజొన్నలో కత్తెర పురుగుకి ఈసారి విషపు మందులు మాని, పురుగుల్ని చంపే బూజు ఉంది కదా, ఆ మెటారైజియం కొడతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఒక్కరైనా షాపువాడి మాట పక్కనపెట్టి చదివింది చేస్తున్నారని సంబరపడ్డాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీ చేను నా పట్టుపురుగులకి ఆకు కోసే మల్బరీ తోటకి ఈశాన్యాన ఉంది. కార్తీకంలో గాలి ఎటునుంచి వీస్తుందో నీకు చెప్పాలా?

కొట్టే పద్ధతి నీకు తెలిసిందే. లీటరుకి 5 గ్రాములు, సాయంత్రం పూట, మొక్క నడిమి ఆకుల సుడిలోకి దిగేలా. తెగుళ్ల మందుతో కలిపావో, డబ్బు నీళ్లపాలు. పైరు 15, 20 రోజులప్పుడే మొదలుపెట్టు. మర్నాడే పురుగు చావలేదని టెన్షన్ పడకు. బీజం దాని చర్మానికి అంటుకుని, మొలకెత్తి, లోపలికి దిగి, ఒళ్లంతా అల్లుకోవాలి కదా, వారం దాకా పట్టొచ్చు. 2018లో కర్ణాటకలో తొలిసారి బయటపడ్డ ఈ అమెరికా పురుగు మన ముసురు రోజుల్లో ఆ బూజుకి బాగానే లొంగుతుంది.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకు చెప్పి ఉండడు. నువ్వు చిన్న బడికి పోయే రోజుల్లో వాడు కందిలో కాయ తొలిచే పురుగుకి బవేరియా కొట్టాడు, అదీ ఇలాంటి బూజు మందే. అంతవరకు బాగానే ఉంది. కొట్టిన పంపు తెచ్చి మా పట్టుపురుగుల షెడ్డు వరండాలో పెట్టి, అదే చొక్కాతో లోపలికొచ్చి, "ఒక్కదానివే ఎంతకని చేస్తావక్కా" అంటూ తట్టల్లో ఆకు వేశాడు. నాలుగో జ్వరం లేచిన, అంటే నాలుగోసారి చర్మం విడిచిన పురుగులవి. రెండు మూడు రోజులకి మేత తగ్గింది. ఒంటి మీద జిడ్డు మచ్చలు. సాయంత్రం మెత్తగా వాలిన పురుగు తెల్లారేసరికి గట్టిపడేది, ఆ మర్నాటికి ఒళ్లంతా తెల్లటి పొడి. పట్టుకుంటే చాక్‌పీసులా విరిగేది. సున్నం చల్లాం, చచ్చినవాటిని పుల్లలతో ఏరి తగలబెట్టాం. గూళ్లు కట్టడానికి చంద్రికలెక్కే నాటికి సగం కూడా మిగల్లేదు. నేను తిట్టిన తిట్లు నీకు రాయనులే. వాడు రెండు పూటలు అన్నం ముట్టలేదు. పాపం, సాయం చేద్దామనే కదా వచ్చాడు.

1835లో ఇటలీలో బస్సీ అనే ఆయన ఆ బూజు సంగతి తేల్చిందే పట్టుపురుగుల చావులు చూసి అని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. పట్టుపురుగుకి పచ్చ బూజు తెచ్చేది నీ మెటారైజియం జాతే. కత్తెర పురుగేదో, నా పురుగేదో దానికేం తెలుసు?

అందుకని మా గట్టు పక్క పది సాళ్లు వదిలెయ్. వాటిలో గుడ్ల సముదాయాలూ పురుగులూ నేనే వచ్చి చేత్తో ఏరతాను. కొట్టిన రోజు స్నానం చేసి బట్టలు మార్చుకున్నా సరే, షెడ్డు ఛాయలకి రాకు. అలిగినా సరే, గుమ్మం బయటే కాఫీ ఇస్తా. విత్తే తేదీ ముందే చెప్పు, ఈ దఫా చాకీ పురుగులు, అవే పట్టుపురుగు పిల్లలు, నెల ఆగి తెచ్చుకుంటాను. పంపు మాత్రం మాది అడగొద్దు. కొత్తది కొనుక్కో, డబ్బులు మీ మామయ్య ఇస్తాడు.

మీ అత్త