చిలికా సరస్సులో తిరగడానికి, రేసులకు పాత లేజర్ తెరచాప పడవ మంచిదా, ఎంటర్‌ప్రైజా?

బరంపురంలో ఉంటూ రంభ దగ్గర ఇంట్లోవాళ్లతో తిరగాలి, అప్పుడప్పుడు రేసులకూ వెళ్లాలి అంటున్నారు కాబట్టి ఎంటర్‌ప్రైజ్ తీసుకోండి.

అసలు కారణం లోతు. చిలికాలో చాలాచోట్ల నీళ్లు మనిషి లోతు కూడా ఉండవు. రెండు పడవలకూ అడుగున నీళ్లలోకి దిగే పలక ఒకటి ఉంటుంది, పడవ పక్కకు జారకుండా ఆపేది అదే. ఎంటర్‌ప్రైజ్‌లో అది ఇరుసు మీద తిరుగుతుంది, నేల తగిలితే వెనక్కి మడుచుకుంటుంది. లేజర్‌లో నిలువుగా దిగేసి ఉంటుంది. వేగంలో ఇసుకకు తగిలితే పడవ ఒక్కసారిగా ఆగిపోతుంది, పలక, అది దిగే గాడి దెబ్బతింటాయి. పిల్లలతో వెళ్తే అదొక టెన్షన్.

ఎంటర్‌ప్రైజ్‌లో ఇద్దరు నడపాలి, రెండు తెరచాపలు. లేజర్‌ది ఒకటే తెరచాప, సుమారు 7 చదరపు మీటర్లు, ఒక్కరే నడుపుతారు. ఒంటరిగా రేసులే ముఖ్యమైతే మాత్రం దానికి సాటి లేదు. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న తరగతి అది.

కొనే ముందు ఎంటర్‌ప్రైజ్ అయితే నీళ్లలో దించి, పలక మడుచుకునే పెట్టె చుట్టూ ఊట వస్తుందేమో చూడండి. లేజర్ అయితే తెరచాప స్తంభం దిగే గుంటలో నీళ్లు పోసి కాసేపు ఆగండి. మట్టం తగ్గిందంటే ఆ పడవ వద్దు.