ముందు సినిమా చూపించండి, తర్వాత నాటకం చేతికివ్వండి

మీ ప్రశ్నలో ఉన్నది ఇదీ: మీ అమ్మాయికి ఇంగ్లిష్ సిలబస్‌లో షేక్స్‌పియర్ కామెడీ ఒకటి ఉంది, రెండు పేజీలు కూడా దాటడం లేదు. పాత నాటకాలను హైస్కూల్ ప్రేమకథలుగా మార్చిన హాలీవుడ్ సినిమాలు చూపిస్తే ఆసక్తి పుడుతుందా, లేక సినిమాతో సరిపెట్టుకుని పుస్తకం మూసేస్తుందా? వాటిలో ఏవి చూడదగ్గవి?

నేను చాలాకాలంగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ నాటకం చెబుతున్నాను. ఈ సినిమాలను క్లాసులో ముక్కలుగా చూపిస్తూ ఉంటాను. సినిమా చూసి పుస్తకం మూసేసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ‘నాటకంలో కూడా ఇలాగే ఉంటుందా?’ అని పేజీలు తిప్పినవాళ్లే ఎక్కువ. కాబట్టి భయపడకుండా చూపించండి. అయితే అన్నీ ఒకే స్థాయివి కావు. కొన్ని నాటకంతో నిజంగా వాదనకు దిగుతాయి, కొన్ని కథ ఎత్తుకుని వెళ్లిపోతాయి.

అసలు ఈ పాత కథలు టీనేజ్‌లో ఎందుకంత చక్కగా ఇమిడిపోతాయో మొదట చెప్పాలి. పాత కామెడీ నడవాలంటే ఒక కట్టుబాటు ఉండాలి. తండ్రి ఒప్పుకోడు, లేదా అమ్మాయికి అక్కడ ప్రవేశం లేదు, లేదా నలుగురిలో పరువు పోతుంది. ఈ కాలం అమెరికాలో ముప్ఫై ఏళ్ల మనిషి మీద ఇలాంటి కట్టుబాటు పెడితే కథ నిలబడదు, ‘పోవోయ్’ అని వెళ్లిపోతాడు. పదహారేళ్ల పిల్ల అలా వెళ్లలేదు. ఆ ఇంట్లో తండ్రి మాట ఇంకా చట్టమే. స్కూల్లో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలన్నది రాజసభలో ఆసనాల్లాగే ముందే తేలిపోయి ఉంటుంది. షేక్స్‌పియర్ కామెడీలు పెళ్లిళ్లతో ముగుస్తాయి కదా, ఆ వయసులో పెళ్లి కుదరదు కాబట్టి ఆ చోటును ‘ప్రామ్’ అనే డాన్స్ పార్టీ తీసుకుంటుంది. అందరూ ముస్తాబై జంటలుగా నలుగురి ముందుకు రావాల్సిన రాత్రి అది. ముసుగులన్నీ తొలగిపోవడానికి అంతకంటే అనువైన వేదిక రచయితలకు దొరకదు.

1995లో వచ్చిన ‘క్లూలెస్’ ఈ ధోరణికి ఊపునిచ్చిందని చాలామంది చెబుతారు. అది జేన్ ఆస్టిన్ నవల ‘ఎమ్మా’కు కొత్త రూపం, నాటకం కాదు కాబట్టి పక్కన పెడుతున్నాను.

మీరు ఒక్కటే చూపించదలిస్తే ‘టెన్ థింగ్స్ ఐ హేట్ అబౌట్ యూ’ చూపించండి. 1999 సినిమా, దర్శకుడు గిల్ జంగర్, రాసినవారు కారెన్ మెకల్లా, కర్‌స్టెన్ స్మిత్. మూలం షేక్స్‌పియర్ ‘ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ’. నాటకంలో పాడువా నగరంలో బాప్టిస్టా అనే ధనవంతుడు, పెద్దకూతురు కేథరిన్‌కు పెళ్లయ్యేదాకా చిన్నకూతురు బియాంకాను ఎవరికీ ఇవ్వనంటాడు. పెద్దదానికి నోటి దురుసు, అందరూ భయపడతారు. దాంతో బియాంకా కోసం తిరిగేవాళ్లు పెట్రూకియోను పట్టుకొస్తారు. సినిమాలో ఊరు సియాటిల్ అయింది, పాడువా స్కూలు పేరయింది. తండ్రి పెట్టిన నియమం అలాగే ఉంది: అక్క క్యాట్ డేటింగ్‌కు వెళ్తేనే చెల్లెలికి అనుమతి.

ఈ నియమం దగ్గరే ఆపి పిల్లలను ఒక ప్రశ్న అడుగుతాను: ఈ తండ్రికి ఆ తండ్రికి తేడా ఏమిటి? సినిమా తండ్రి కాన్పులు చేసే డాక్టరు. చిన్న వయసులో తల్లులవుతున్న అమ్మాయిలను రోజూ చూస్తుంటాడు. అందుకే చిన్నకూతురు పార్టీకి బయల్దేరితే గర్భిణి పొట్టలాంటి దాన్ని ఒంటికి తగిలించి, అద్దం ముందు నిలబెట్టినంత పని చేస్తాడు. నవ్వొస్తుంది, కానీ ఆ నియమం భయంలోంచి పుట్టిందని తెలిసిపోతుంది. నాటకంలో బాప్టిస్టా అలా కాదు. బియాంకాను అడిగినవాళ్లలో ఎవరు ఎక్కువ ఆస్తి రాసిస్తారో చూసి వాళ్లకే ఖాయం చేస్తానంటాడు, అది వేలంపాట. ఈ తేడా పట్టుకున్న పిల్లలకు నాటకంలో డబ్బు ఎక్కడెక్కడ ఉందో వెతకాలన్న ఆత్రుత మొదలవుతుంది.

అప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. సినిమాలో జోయీ అనే కుర్రాడు డబ్బిచ్చి ప్యాట్రిక్‌ను క్యాట్ వెంట పంపుతాడు. ఇది హాలీవుడ్ కల్పించిన మలుపు అనుకుంటారు అందరూ. నాటకంలోనూ ఉంది! పెట్రూకియో కేథరిన్‌ను ఒప్పించడానికయ్యే ఖర్చు మిగతావాళ్లు భరిస్తామని ఒప్పుకుంటారు. పైగా తాను డబ్బున్న పెళ్లి కోసమే పాడువా వచ్చానని అతనే బాహాటంగా చెబుతాడు, దానికి ఎవరూ నొచ్చుకోరు. అదే బేరం సినిమాలో దాచిన రహస్యం, బయటపడిన రాత్రి క్యాట్ గుండె పగిలిపోతుంది. జరిగిన పని ఒక్కటే, దాన్ని తప్పుగా చూసే కళ్లు నాలుగు వందల ఏళ్లలో వచ్చాయి. మా క్లాసులో దీని మీద జరిగినంత చర్చ ఇంకే పాఠంలోనూ జరగలేదు.

ఇక ముగింపు. నాటకంలో పెట్రూకియో భార్యకు తిండి పెట్టకుండా, నిద్రపోనివ్వకుండా లొంగదీస్తాడు. పట్టపగలు సూర్యుణ్ణి చూపించి చంద్రుడంటే ఆమె కూడా చంద్రుడే అనాలి. చివర్లో ఎవరి భార్య మాట వింటుందో అని మగవాళ్లు పందెం కాస్తే, కేథరిన్ వచ్చి భార్య ఎలా అణగి ఉండాలో 44 పంక్తుల ప్రసంగం చేస్తుంది. భర్త పాదం కింద చెయ్యి పెట్టడానికి కూడా సిద్ధమంటుంది. దీన్ని ఏ దర్శకుడైనా ఏం చెయ్యాలి?

సినిమా రచయితలు చేసిన పని నాకు ఎప్పటికీ ముచ్చటేస్తుంది. ఆ ప్రసంగాన్ని తీసేసి, ఆ స్థానంలో మళ్లీ షేక్స్‌పియర్‌నే పెట్టారు. క్లాసులో మాస్టారు షేక్స్‌పియర్ 141వ సానెట్ (పద్నాలుగు పంక్తుల పద్యం) చదివి వినిపించి, దీనికి మీ సొంత రూపం రాసుకురండి అంటాడు. ఆ సానెట్ చెప్పేది ఏమిటంటే, నా కళ్లకు నీలో వెయ్యి తప్పులు కనిపిస్తున్నాయి, కళ్లు వద్దన్నదాన్నే మనసు ప్రేమిస్తోంది అని. క్యాట్ చదివే పద్యం అచ్చంగా అదే పద్ధతిలో నడుస్తుంది. అతనిలో తనకు నచ్చనివి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయి, చివరికి అతన్ని ద్వేషించలేకపోతున్నానని ఒప్పుకుంటుంది. క్యాట్ పాత్ర వేసిన జూలియా స్టైల్స్ ఆ కాగితం పట్టుకుని మామూలుగా మొదలుపెడుతుంది, సగం దాటాక గొంతు జీరపోతుంది, చివరి పంక్తులకు కన్నీళ్లు ఆగవు. ఇక్కడ కూడా ఒక అమ్మాయి అందరి ముందు నిలబడి ఒక మగవాడి గురించి మాట్లాడుతోంది. కాకపోతే ఆమెను ఎవరూ రమ్మనలేదు, పందెం లేదు, లొంగిపోవడం లేదు.

ఈ సీన్ చూపించాక నాటకం అయిదో అంకం రెండో సీన్ చదివిస్తాను. ఒకమ్మాయి ఆ ప్రసంగాన్ని నీరసంగా, ఓడిపోయిన మనిషిలా చదివింది. ఇంకో అమ్మాయి లేచి ప్రతి పంక్తినీ సాగదీసి, భర్తను ఆటపట్టిస్తున్నట్టు చదివింది. మాటలు అవే, అర్థం తలకిందులైంది. ఆ తర్వాత పీరియడ్ అయిపోయినా ఎవరూ కదల్లేదు, ఎవరిది సరైన కేథరిన్ అని వాదించుకుంటూనే ఉన్నారు. రంగస్థలం మీద నటీమణులు కూడా ఈ రెండు దారుల మధ్యే పోరాడుతూ వచ్చారు.

సినిమాలో నాకు రుచించనిది చివరి గిటార్. తీసుకున్న డబ్బుతో ప్యాట్రిక్ ఆమెకు గిటార్ కొనిపెడతాడు, ఆమె కాస్త కోప్పడి క్షమించేస్తుంది. అంత బలమైన పద్యం తర్వాత అది తేలికైపోయింది.

రెండోది ‘షీ ఈజ్ ద మ్యాన్’, 2006. మూలం షేక్స్‌పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’. అమండా బైన్స్ వయోలా. స్కూల్లో అమ్మాయిల ఫుట్‌బాల్ టీమ్ రద్దవుతుంది, అబ్బాయిల టీమ్‌లో ఆడతానంటే కోచ్ ఎగతాళి చేస్తాడు. కవల సోదరుడు సెబాస్టియన్ లండన్ వెళ్లిపోతే అతని వేషంలో ఇలిరియా అనే బోర్డింగ్ స్కూల్లో చేరుతుంది. రూమ్మేట్ డ్యూక్ ఒలీవియాను ఇష్టపడతాడు, తన తరఫున మాట్లాడమని ఈ ‘కుర్రాడి’నే అడుగుతాడు, ఒలీవియాకేమో ఈ కుర్రాడే నచ్చుతాడు, వయోలాకు డ్యూక్ నచ్చుతాడు. ఈ ముక్కోణం నాటకంలో ఉన్నట్టే ఉంది. సంబంధాలు గుర్తుండక తికమకపడే పిల్లలకు ఇంతకంటే మంచి మ్యాప్ లేదు. సినిమా చూశాక పాత్రల పట్టిక ఎవరూ అడగరు.

కానీ ఒక లోటు ఉంది, అది మీ అమ్మాయికి తప్పక చెప్పండి. నాటకంలో వయోలా కథ ఓడ మునిగిన ఒడ్డున మొదలవుతుంది. తన కవల సోదరుడు మునిగిపోయాడనుకుంటుంది. అటు ఒలీవియా కూడా చనిపోయిన సోదరుడి కోసం ఏడేళ్లు ముసుగు వేసుకుని ఉంటానంటుంది. సోదరులను పోగొట్టుకున్న ఇద్దరు అమ్మాయిల దుఃఖం అడుగున ఉండటం వల్లే పైన నవ్వుకు అంత విలువ. సినిమాలో సోదరుడు హాయిగా సంగీతం చేసుకోవడానికి లండన్ వెళ్లాడు, కాబట్టి అడుగున ఏమీ లేదు. నాటకంలో ఒలీవియా ఇంటి పెత్తందారు మాల్వోలియోకు జరిగే అవమానం కూడా పోయింది, ఆ పేరు ఒక పెంపుడు సాలీడుకు పెట్టారు.

ఇంకో మార్పు మరీ ఆసక్తికరం. సినిమాలో డ్యూక్ అసలు వయోలాను అమ్మాయిగా ముందే కలుస్తాడు, ముద్దు కూడా పెట్టుకుంటాడు. నాటకంలో డ్యూక్ స్థానంలో ఉన్న ఒర్సీనోకు ఆ అవకాశమే రాదు. మగ వేషంలో ఉన్న మనిషికే మనసులో మాటలన్నీ చెప్పుకుంటాడు, ఆమె ఇంకా ఆ వేషంలో ఉండగానే చెయ్యి అందుకుంటాడు. అప్పట్లో ఆడవేషాలు కుర్రాళ్లే కట్టేవాళ్లు కాబట్టి వేదిక మీద నిలబడింది ఒక కుర్రాడు, అమ్మాయిగా, మళ్లీ కుర్రాడిగా. 1602 నాటి ప్రేక్షకులకు చూపించగలిగిన చిక్కుముడిని 2006 సినిమా ముందే విప్పేసింది. ఈ మాట చెబితే పిల్లలు నిజంగా ఆశ్చర్యపోతారు.

‘షీ ఈజ్ ఆల్ దట్’ కూడా 1999దే, మూలం బెర్నార్డ్ షా ‘పిగ్మేలియన్’. పేరు పెద్దదే గానీ నా సలహా వదిలేయమని. కళ్లజోడు తీసి, జుట్టు కత్తిరించి, మెట్లు దిగితే అమ్మాయి మారిపోయిందంటుంది. షా అడిగింది వేరు: మాట, నడక మార్చి ఈ పిల్లను తన వర్గం నుంచి విడదీశారు, ఇప్పుడు తను ఎక్కడికి పోవాలి? ఆ ప్రశ్న సినిమాలో లేదు. పైగా మాట నేర్పిన హిగిన్స్‌కు పూలమ్మే పిల్ల ఎలిజాను ముడిపెట్టడం షాకు ఎంత ఒళ్లుమంటంటే, ఆమె ఫ్రెడ్డీ అనే ఇంకొకణ్ణి చేసుకుంటుందని ప్రత్యేకంగా వెనకమాట రాశాడు. సినిమా సరిగ్గా ఆయన వద్దన్న ముగింపుకే వెళ్లింది. 2001 నాటి ‘గెట్ ఓవర్ ఇట్’ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ను స్కూలు నాటకంగా వేయిస్తూ సాగుతుంది, సరదాగా కాలక్షేపానికి బాగుంటుంది.

చివరగా ‘ద హాఫ్ ఆఫ్ ఇట్’, 2020, నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, రాసి తీసింది ఆలిస్ వూ. మూలం ఎడ్మండ్ రోస్టాండ్ 1897 నాటకం ‘సిరానో ద బెర్జెరాక్’. నాటకంలో పెద్ద ముక్కున్న సిరానో తాను ప్రేమించే రోక్సాన్‌కు ఇంకొకడి పేరుతో ఉత్తరాలు రాస్తాడు. సినిమాలో తోటివాళ్లకు డబ్బు తీసుకుని వ్యాసాలు రాసిపెట్టే ఎలీ చూ అనే అమ్మాయి, పాల్ అనే మంచి మనసున్న, మాట రాని కుర్రాడి తరఫున ఆస్టర్ అనే అమ్మాయికి ఉత్తరాలు రాస్తుంది. ఎలీకి ఆస్టర్ అంటేనే ప్రేమ. చర్చి చుట్టూ తిరిగే చిన్న ఊళ్లో వలస వచ్చిన కుటుంబపు అమ్మాయి ఆ మాట పైకి అనలేదు. సిరానో ముక్కు అతని మనసులో ఎంత పెద్ద గోడో, ఇక్కడ ఊరు అంత గోడ. ఎవరికీ కావాల్సింది దొరకదని సినిమా మొదట్లోనే చెప్పి, ఆ మాట మీదే నిలబడుతుంది. ఈ మొత్తం కోవలో మూలంతో సమానంగా నిలిచేది నా లెక్కలో ఇదే. ఎలీ, పాల్ మధ్య పెరిగే స్నేహం రోస్టాండ్ నాటకంలో లేని అందం.

చూపించే పద్ధతి చెబుతాను. సినిమా మొత్తం ఒకేసారి చూడనివ్వండి, మధ్యలో పాఠం చెప్పకండి. మర్నాడు నాటకంలో ఒకే ఒక్క సీన్ ఇద్దరూ గొంతెత్తి చదవండి. ‘టేమింగ్’ అయితే మూడో అంకం మొదటి సీన్: లూసెన్షియో లాటిన్ పాఠం చెబుతున్నట్టు నటిస్తూ బియాంకాకు ప్రేమ తెలియజేస్తాడు. సినిమాలో చెల్లెలు బియాంకాను ఇష్టపడే క్యామెరాన్ తనకు రాని ఫ్రెంచ్ నేర్పిస్తానని చేరేది దీన్నుంచే, మీ అమ్మాయి వెంటనే గుర్తుపడుతుంది. ‘ట్వెల్ఫ్త్ నైట్’ అయితే రెండో అంకం నాలుగో సీన్, వయోలా తన ప్రేమను తన తండ్రి కూతురి కథగా చెప్పుకునే చోటు. ‘సిరానో’ అయితే మూడో అంకంలో బాల్కనీ కింద చీకట్లో జరిగే సీన్. ఈ సినిమాలు అమెరికాలో పీజీ-13 రేటింగ్‌వి, అంటే పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలని హెచ్చరిక. మొదటి రెండింటిలో కొంచెం మోటు హాస్యం ఉంటుంది, అది మీకు ఇబ్బందైతే ‘ద హాఫ్ ఆఫ్ ఇట్’తో మొదలుపెట్టండి, కాకపోతే అందులోనూ పార్టీలో తాగుడు ఉంటుంది.

సిలబస్‌లో ఏ కామెడీ ఉందో మీరు రాయలేదు. పేరు చెబితే దానికి సరిపోయే సీన్లు విడిగా రాస్తాను.