అంటార్కిటికా మంచు చదువుతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. ఇంట్లో అందరం సీఎస్‌ఈ అంటుంటే, తను మాత్రం ధ్రువాల దగ్గర మంచు ఎందుకు కరుగుతోందో చదువుతానంటోంది. ఇందులో ఉద్యోగాలుంటాయా? ఆడపిల్లను అంత దూరం ఎలా పంపేది?

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయి అడుగుతున్నదేమిటో చూద్దాం.

ఎండాకాలం బ్రాడీపేటలో చెరుకురసం బండి దగ్గర ఐసు దిమ్మను గమనించండి. గోనెపట్టా కప్పిన పైభాగం గట్టిగానే ఉంటుంది. నీళ్లు నిలిచిన అడుగు మాత్రం గుల్లబారిపోతుంది. పశ్చిమ అంటార్కిటికాలో జరుగుతున్నదీ ఇలాంటిదే. అముండ్‌సెన్ సముద్రం లోతున కాస్త వెచ్చటి నీరుంటుంది. గాలుల తీరు మారినప్పుడు ఆ నీరు తీరం వైపు ఎగబాకి, త్వైట్స్, పైన్ ఐలాండ్ అనే హిమానీనదాల (మెల్లగా కదిలే మంచు నదుల) అడుగును కొరికేస్తుంది. ఆ గాలుల్ని ఎల్‌నినో, అంటే పసిఫిక్ సముద్రపు నీరు మామూలుకన్నా వేడెక్కడం, కూడా కదిలిస్తుంది. మన మిర్చి రైతు వానల కోసం భయపడే ఎల్‌నినోయే అది. అది వచ్చిన ఏడాది అక్కడ పైన కొత్త మంచు కురిసి ఎత్తు పెరుగుతుంది, అడుగున గట్టి మంచు అంతకన్నా ఎక్కువ పోతుంది. ఎత్తు చూసి మంచు పెరిగిందనుకుంటే లెక్క తప్పినట్టే.

గ్రీన్‌లాండ్‌లో పైనుంచి గాలి దెబ్బ కూడా గట్టిది. 2012 జులైలో వెచ్చటి గాలి వచ్చి నిలిచేసరికి కొద్ది రోజుల్లోనే దాదాపు ఉపరితలమంతా చెమ్మగిల్లింది. 2021 ఆగస్టులో 3,200 మీటర్ల ఎత్తున, మంచు శిఖరం మీదే వాన పడింది.

ఇందులో ఏది ఏడాదికేడాది వచ్చే ఊగిసలాట, ఏది పదుల ఏళ్లుగా సాగుతున్న నష్టం అని విడదీయడమే ఈ రంగంలో అసలు పని. దానికి కావలసింది ఫిజిక్స్, లెక్కలు, ప్రోగ్రామింగ్. ఇప్పుడే ‘మంచు కోర్సు’ కోసం వెతక్కండి. తిరుపతిలోని కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ నాకు అన్నిటికన్నా నచ్చిన దారి. కుదరకపోతే ఇక్కడే ఫిజిక్స్, మ్యాథ్స్‌తో డిగ్రీ చేసి, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి ప్రవేశపరీక్ష అయిన జామ్ రాయొచ్చు. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగమూ ఉంది.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. పీహెచ్‌డీ లేకుండా శాస్త్రవేత్తగా నిలబడటం కష్టం. అంటే ఇంటర్ తర్వాత పదేళ్లు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తారు కాబట్టి ఆ చివరి ఏళ్ల భారం మీ మీద పడదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, గోవాలోని ధ్రువ పరిశోధనా కేంద్రం, పుణెలోని వాతావరణ పరిశోధనా సంస్థ ఐఐటీఎం లాంటి చోట్ల పని ఉంటుంది, కానీ పర్మనెంట్ పోస్టులు తక్కువ. నాలుగేళ్లలో జీతం రాకపోతే ఇల్లు గడవదనుకుంటే ఆ మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. సీఎస్‌ఈ చదివి కూడా డేటా వైపు నుంచి ఇటు వచ్చినవాళ్లున్నారు.

దూరం గురించి బెంగ వద్దు. ఎక్కువ పని ఉపగ్రహాల డేటాతోనే. మంచు కదలికల్ని కొలిచే నైసార్ ఉపగ్రహాన్ని 2025 జులైలో మన శ్రీహరికోట నుంచే పంపారు. ఇక అంటార్కిటికా అంటారా, మహిళా శాస్త్రవేత్తలు అదితి పంత్, సుదీప్తా సేన్‌గుప్తా 1983లోనే బయల్దేరిన మన బృందంతోనే వెళ్లొచ్చారు.

ఈసారి ఈఏపీసెట్‌తో (పాత ఎంసెట్) పాటు ఐసర్ ప్రవేశపరీక్ష ఐఏటీ కూడా రాయించండి. ఫలితాలొచ్చాక అమ్మాయిని తీసుకుని విజయవాడ రండి, సీటును బట్టి కూర్చుని మాట్లాడుకుందాం.