టెక్ సందేహాలు: ఇంజన్ కింది నూనె మరక ఎక్కడ పుట్టింది?

సందేహం: మాది కొరాపుట్. నాకు 150 సీసీ ఎయిర్ కూల్డ్ బైకు ఉంది. వ్యాపారం పనిమీద తరచూ సుంకి ఘాటీ దిగి సాలూరు వెళ్లి వస్తుంటాను. ఘాటీ ఎక్కి ఇల్లు చేరిన రాత్రి మాత్రం ఇంజన్ ఎడమవైపు అడుగున రూపాయి బిళ్లంత నూనె మరక పడుతోంది. ఊళ్లోనే తిరిగిన రోజుల్లో నేల పొడిగా ఉంటుంది. షెడ్డులో మ్యాగ్నెట్ కవర్ ప్యాకింగ్ రెండుసార్లు, గేర్ షాఫ్ట్ ఆయిల్ సీల్ ఒకసారి మార్చారు. అయినా తగ్గలేదు. ఫోనుకు తగిలించే చిన్న కెమెరాతో, యూవీ టార్చితో లీకేజీని పట్టుకోవచ్చని విన్నాను. కొనమంటారా?

జవాబు: కొనే ముందు చేయవలసిన పని కొంత ఉంది. మీ లేఖలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట, ఘాటీ ఎక్కిన రోజే కారుతోందన్నది. గేర్ షాఫ్ట్ సీల్ గాని, మ్యాగ్నెట్ కవర్ అడుగు అంచు గాని పాడైతే ఊళ్లో తిరిగిన రోజున కూడా ఎంతో కొంత తడి కనిపించాలి. చిన్న గేర్లలో, ఎక్కువ ఆర్‌పీఎంలో, చాలాసేపు ఎత్తు ఎక్కినప్పుడే కారుతోందంటే, వేడికి పలచబడిన ఆయిల్‌ను లోపలి ఒత్తిడి ఎక్కడి నుంచో బయటకు నెడుతోందని అనుమానించాలి.

ఇక మరక ఎడమవైపే ఎందుకు పడుతోందన్నది చూద్దాం. పెంకుటింట్లో వాన నీరు పగిలిన పెంకు దగ్గర పడక వాసం వెంట పాకి ఎక్కడో దిగినట్టే, ఇంజన్ ఆయిల్ కూడా పుట్టిన చోట రాలదు. బరువుకు కిందికి, గాలి తోపుకు వెనక్కి పాకుతుంది. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకు ఒరుగుతుంది కాబట్టి, పైన ట్యాపెట్ కవర్ (ఇంజన్ తల మీది మూత) దగ్గర పుట్టిన చెమ్మ కూడా తెల్లారేసరికి ఎడమ అడుగుననే తేలుతుంది. మీ మెకానిక్కు గారు చుక్క రాలిన చోటును బట్టి ప్యాకింగ్ మార్చారు. తడిసిన భాగాలలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటును వెతకాలి.

ముందు ఆ ద్రవం ఏమిటో తేల్చండి. మీది ఎయిర్ కూల్డ్, అంటే గాలితోనే చల్లబడే బండి కనుక కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ప్రశ్నే లేదు. పెట్రోలైతే వాసన పట్టిస్తుంది, పైగా తెల్లారేసరికి ఆవిరైపోయి మచ్చ మాత్రమే మిగులుతుంది. బ్రేక్ ఆయిల్ అనుమానముంటే గాజు గ్లాసులో నీళ్లు పోసి ఒక చుక్క వేయండి. బ్రేక్ ఆయిల్ నీటిలో కలిసిపోతుంది, ఇంజన్ ఆయిల్ పైన తేలుతుంది. రాత్రి బండి కింద తెల్ల అట్టముక్క పరిచి, ముందు చక్రం ఎక్కడ ఉందో దాని మీద గుర్తు పెడితే చుక్క పడిన చోటు, రంగు రెండూ మిగులుతాయి.

చాలామంది మరిచిపోయే అనుమానితుడు చెయిన్ ఆయిల్. ఎడమవైపు చిన్న స్ప్రాకెట్ కవర్ విప్పి చూడండి. లోపల చెయిన్ నుంచి చిమ్మిన నూనె, రోడ్డు దుమ్ము కలిసి వేలు మందాన నల్లటి జిడ్డు పేరుకుని ఉంటుంది. ఇంజన్ వేడెక్కినప్పుడు ఈ జిడ్డే కరిగి కిందికి జారుతుంది. దీన్ని చూసి మంచి ఆయిల్ సీళ్లను పీకేసిన బండ్లు కోకొల్లలు. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతూ చిక్కగా ఉంటే అది చెయిన్‌ది. ఆ జిడ్డును స్క్రూడ్రైవరుతో గీకేశాక, స్ప్రాకెట్ వెనకాల ఉన్న షాఫ్ట్ సీల్ చుట్టూ పలచని, గరుకు లేని నూనె మెరుస్తుంటే అప్పుడు సీల్‌ను అనుమానించాలి.

తర్వాత చల్లారిన ఇంజన్‌ను డీజిల్ తడిపిన బ్రష్షుతో రుద్ది, సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరనివ్వండి. ఈ శుభ్రత లేకుండా యూవీ టార్చి కొన్నా, కెమెరా కొన్నా పాత మరకలే చూపిస్తాయి. ఆరిన ఇంజన్ మీద, ట్యాపెట్ కవర్ అంచు నుంచి బోరు (సిలిండరు) అడుగు దాకా, రెండు వైపుల కవర్ల అతుకుల మీద టాల్కం పౌడరు పలచగా చల్లండి. బండిని నిలిపే పది నిమిషాలు నడిపి ఫోనుతో ఫొటో తీయండి. ఊళ్లో ఒక చుట్టు తిరిగి వచ్చి అవే కోణాల్లో మళ్లీ తీయండి. చివరిగా ఘాటీలో కొంత దూరం ఎక్కి, ఆగిన వెంటనే ఇంకోసారి తీయండి. ఆయిల్ తగిలిన చోట తెల్ల పౌడరు మీద సన్నని గోధుమరంగు గీత ఏర్పడి, అది ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. మూడు ఫొటోలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ గీత ఏ దశలో పుట్టిందో కూడా తెలుస్తుంది.

ఇంత చేసినా దొరకకపోతే అప్పుడు మీరడిగిన పరికరాలు కొనండి. ఎండోస్కోప్ కెమెరాలో 5.5 మిల్లీమీటర్ల తల ఉన్నది తీసుకోండి. బోరు వెనక, కార్బురేటర్ కింద, క్రాంక్‌కేసు (ఇంజన్ అడుగు పెట్టె) పైభాగంలో కన్ను చేరని సందుల్లోకి అది దూరుతుంది. మీ ఫోనుకు ఓటీజీ (ఛార్జింగ్ రంధ్రంలో వేరే పరికరాన్ని తగిలించే) సదుపాయం ఉందో లేదో ముందే చూసుకోండి. వేడి ఇంజన్‌కు తగిలితే కెమెరా వైరు కరుగుతుంది. యూవీ టార్చిలో 395 నానోమీటర్ల రకం చవక, కానీ దాని ఊదా కాంతి కళ్లకే ఎక్కువగా కనిపించి అసలు మెరుపును మింగేస్తుంది; 365 నానోమీటర్లది మేలు. కొన్ని ఇంజన్ ఆయిళ్లు రంగు కలపకపోయినా యూవీ కింద మెరుస్తాయి కాబట్టి ముందు ఊరికే వెలిగించి చూడండి. మెరుపు చాలకపోతే ఆయిల్‌లో కలిపే యూవీ రంగు వాడవచ్చు. అయితే మోటార్ సైకిల్‌లో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, అందుకు తగినదని రాసి ఉన్న రంగునే చెప్పిన కొలతకు మించకుండా పోయాలి. టార్చిని కళ్లలోకి వేసుకోవద్దు, పిల్లలకు ఇవ్వవద్దు.

నా అనుమానం మాత్రం బ్రీదర్ గొట్టం మీద ఉంది. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా క్రాంక్‌కేసులోని గాలి నొక్కుకుపోతుంది, దానికి తోడు రింగుల సందుల్లోంచి కొంత వాయువు జారుతుంది. ఇదంతా బ్రీదర్ గొట్టం ద్వారా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి పోవాలి. గొట్టం మడతపడినా, లోపల జిడ్డు పేరుకున్నా, తెరిచి ఉన్న కొసలో కందిరీగ మట్టిగూడు కట్టినా ఆ ఒత్తిడికి వేరే దారి ఉండదు. ఉన్న సీళ్లలో ఏది బలహీనమైతే దాన్ని తోసుకుని ఆయిల్‌తో సహా బయటకు వస్తుంది. అప్పుడు ఒక సీల్ మార్చితే ఇంకోచోట కారుతుంది. గొట్టం ఊడదీసి నోటితో కాక పంపుతో గాలి కొట్టి చూడండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున ఉండే చిన్న డ్రెయిన్ గొట్టం ఆయిల్‌తో నిండి ఉందా అన్నది కూడా చూడండి.

అలా నిండి ఉంటే ఆయిల్ మట్టం ఎక్కువై ఉండవచ్చు. మాన్యువల్‌లో ఆయిల్ మార్చినప్పుడు పోయవలసిన కొలత, ఇంజన్ పూర్తిగా విప్పి బిగించినప్పుడు పోయవలసిన కొలత వేరువేరుగా ఉంటాయి. రెండోది చూసి మొదటి పనికి పోస్తే ఎక్కువైపోతుంది. సైడ్ స్టాండ్ మీద కాకుండా బండిని సమతలంలో నిటారుగా నిలిపి, ఇంజన్ ఆపిన రెండు మూడు నిమిషాలకు మట్టం చూడండి. మట్టం, గొట్టం రెండూ సరిగ్గా ఉండి, ఆయిల్ మూత తీసినప్పుడు పొగ బలంగా తన్నుతుంటే పిస్టన్ రింగులు అరిగాయేమో కంప్రెషన్ పరీక్షతో (సిలిండరులో ఒత్తిడిని కొలిచి) తేల్చుకోవాలి.

పౌడరు మీది గీత ట్యాపెట్ కవర్ దగ్గర మొదలైతే పని తేలిక. ప్యాకింగ్ కొత్తది వేయించండి, బోల్టులను మాత్రం బలం కొద్దీ బిగించనివ్వకండి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే చాలు, అంతకు మించితే అల్యూమినియంలో మర పోతుంది.

సందేహం: బరంపురంలో ఉంటాను. నా లిక్విడ్ కూల్డ్ బైకు వాటర్ పంపు కింద చిన్న రంధ్రం నుంచి పచ్చటి చుక్కలు పడుతున్నాయి. ఎం-సీల్ పెట్టి మూసేద్దామని షెడ్డు అబ్బాయి అంటున్నాడు. మూయించవచ్చా?

జవాబు: దయచేసి మూయించవద్దు. ఆ రంధ్రాన్ని తయారీలోనే కావాలని పెడతారు. పంపు షాఫ్టుకు కూలెంట్ వైపు ఒక మెకానికల్ సీల్, ఆయిల్ వైపు ఒక ఆయిల్ సీల్ ఉంటాయి, రంధ్రం ఆ రెండింటి మధ్య ఉంటుంది. పచ్చటి చుక్క వస్తే మెకానికల్ సీల్, నూనె వస్తే ఆయిల్ సీల్, రెండూ వస్తే రెండు సీళ్లూ పోయాయని అర్థం. రంధ్రం మూస్తే కూలెంట్ నేల మీద పడే బదులు ఇంజన్ ఆయిల్‌లోకి పోయి బేరింగులను, క్లచ్ ప్లేట్లను తినేస్తుంది. సీల్ మార్చినప్పుడు షాఫ్టు మీద గాడి పడిందేమో గోటితో గీసి చూడమనండి. గాడి ఉంటే కొత్త సీల్ కూడా నిలవదు. రిజర్వు ట్యాంకు పొంగుడు గొట్టం కూడా అడుగునే తెరుచుకుంటుంది కనుక చుక్క నిజంగా పంపు నుంచే వస్తోందని ఖాయం చేసుకోండి. కూలెంట్‌లోని గ్లైకాల్ విషపదార్థం, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి. నేలమీది చుక్కలను వెంటనే కడిగేయండి.

సందేహం: గుణుపురం నుంచి రాస్తున్నాను. వానల్లో గెడ్డ దాటిన తర్వాత నా 125 సీసీ బండి ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లటి పదార్థం కనిపించింది. హెడ్ ప్యాకింగ్ పోయిందంటున్నారు. నిజమేనా?

జవాబు: మీది ఎయిర్ కూల్డ్ బండి అయితే హెడ్ ప్యాకింగ్ పోయినా ఆయిల్‌లో కలవడానికి ఇంజన్‌లో నీరే లేదు. ఆ నీరు బయటి నుంచి వచ్చింది. మూత కింద మాత్రమే కొద్దిగా ఉండి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ రంగు మామూలుగా ఉంటే అది వానాకాలపు చెమ్మ. రోజూ రెండు కిలోమీటర్లే తిప్పే బండి పూర్తిగా వేడెక్కదు కాబట్టి లోపలి ఆవిరి అక్కడ చేరుతుంది. ఒకసారి అరగంట పాటు ఆగకుండా నడిపితే పోతుంది. డిప్‌స్టిక్ మీద కూడా ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే గెడ్డ నీరు బ్రీదర్ ద్వారానో, ఎయిర్ ఫిల్టర్ ద్వారానో లోపలికి వెళ్లింది. అలాంటప్పుడు స్టార్ట్ చేయకుండా షెడ్డుకు తోసుకెళ్లి ఆయిల్ తీయించండి, కొత్తది పోసి కాసేపు నడిపి, రంగు మళ్లీ తెల్లబడితే అదీ మార్పించండి.