ఆ మాట ఎవరితో అంటోంది?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 23 ఏళ్లు. కూచిపూడిలో డిప్లొమా పూర్తిచేశాను. అడుగుల్లో, జతుల్లో తప్పు పట్టేవాళ్లు లేరు. తరంగంలో పళ్లెం మీద నిలబడితే తాళం తప్పను. కానీ మొన్న ప్రోగ్రాం అయ్యాక ఒక పెద్దాయన, "అంతా సరిగ్గా చేశావమ్మా, మనసుకి మాత్రం ఏమీ తగల్లేదు" అన్నారు. అప్పటినుంచి స్టేజీ అంటేనే టెన్షన్. ప్రాక్టీసు పెంచాలా? వేరే గురువు దగ్గరికి వెళ్లాలా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, ప్రాక్టీసు పెంచొద్దు, గురువునీ మార్చొద్దు. ఆ పెద్దాయన మీద కోపం కూడా పెట్టుకోకు. ఇంచుమించు నీ వయసులోనే నాకూ ఇలాంటి మాట తగిలింది.

అప్పుడు నేను క్షేత్రయ్య పదం ఒకటి చేశాను, ఒక నాయిక మువ్వగోపాలుడి (కృష్ణుడి) మీద ప్రేమ చెప్పుకునే పాట. ముద్రలన్నీ గురువుగారు నేర్పినట్టే పట్టాను. కిందికి దిగాక, ఎన్నో ఏళ్లు వీణ చెప్పిన ఒక పెద్దావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే అడిగారు: "ఆ అమ్మాయి ఆ మాట ఎవరితో అంటోందే?" నాకు నోట మాట రాలేదు. చెలికత్తెతోనా, మువ్వగోపాలుడితోనా? నాలుగు నెలలు సాధన చేశాను, ఆ ప్రశ్న ఒక్కరోజు కూడా తట్టలేదు.

అది తెలిస్తే ఎంత మారుతుందో చూడు. చెలికత్తె అయితే పక్కనే కూర్చుని ఉంటుంది. చూపు దగ్గర్లోనే, కాస్త కిందికి ఆగుతుంది. గుట్టుగా చెప్పే మాటకి చెయ్యి కూడా చిన్నదవుతుంది. అతనితో అయితే, అతను ఇంకా గుమ్మంలోనే ఉన్నాడా, లోపలికి వచ్చేశాడా? దాన్నిబట్టి మెడ మారుతుంది, చూపు ఎత్తు మారుతుంది. "యతో హస్తస్తతో దృష్టిః" అని చిన్నప్పుడే వల్లించాం. చెయ్యి ఎటో చూపు అటు, చూపు ఎటో మనసు అటు. మనలో చాలామందిమి చూపు దగ్గరే ఆగిపోతాం. చెయ్యి వెంట కన్ను వెళ్తుంది గానీ అక్కడ ఎవరూ ఉండరు. చూసేవాళ్లకి ఆ ఖాళీ తెలిసిపోతుంది.

ఈ నెల గజ్జె పక్కన పెట్టి, నీకు వచ్చిన ఒక్క పదం తీసుకో. ముందు పాడు. గొంతు బాగాలేకపోయినా పాడు. మన భామాకలాపంలో సత్యభామ తన మాట తనే చెప్పుకుంటుంది. ఆ వాచికం, అంటే నోటితో పలికే అభినయం, కూచిపూడి సొత్తు, రికార్డు పెట్టుకుని ఆడే అలవాటులో పడి దాన్ని పోగొట్టుకుంటున్నామని నా బాధ. తర్వాత ఆ చరణాన్ని మీ అమ్మకి మన ఊరి మాటల్లో చెప్పు. "ఏటే, రాత్రంతా తలుపు తీసే ఉంచాను, రానేదు" అని నోటికి వచ్చిందనుకో, సంచారి (ఒక్క మాటనే అభినయంతో రకరకాలుగా విస్తరించి చూపడం) ఎక్కడ ఎత్తుకోవాలో నీకే తెలుస్తుంది. యూట్యూబ్‌లో ఇంకొకరి సంచారి చూసి దించుకుంటే ఇది రాదు.

మనుషుల్ని చూడు తల్లీ. విరహోత్కంఠిత, అంటే రాని ప్రియుడి కోసం ఎదురుచూసే నాయిక, నాకు అర్థమైంది మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో. ఒకావిడ టిఫిన్ క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పార్వతీపురం నుంచి బస్సు వచ్చింది. అప్పటిదాకా నేను విరహమంటే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి దూరంగా చూసేదాన్ని. ఆవిడ అలా చూడలేదు. లేచి, ఒక్కో కిటికీలోకీ చూసుకుంటూ బస్సు పొడవునా నడిచింది. జనం దిగిపోయారు. డ్రైవరూ దిగాడు. ఆవిడ ఇంకా మెట్ల దగ్గరే నిలబడి లోపలికి చూస్తోంది. తర్వాత వచ్చి కూర్చుని, క్యారేజీ మూత తీసి, ఏదో సరిచేసినట్టు మళ్లీ పెట్టేసింది. ఏడవలేదు. ఆ మూత పెట్టడాన్ని 30 ఏళ్లుగా ఏదో ఒక నాయికకి ఇస్తూనే ఉన్నాను. క్యారేజీ బదులు తమలపాకుల పళ్లెం సర్దుతుంది, అంతే.

వీలైతే తప్పెటగుళ్లు కూడా వెళ్లి చూడు. రేకు తప్పెట ఛాతీకి కట్టుకుని ఎగిరి ఆడుతూనే కథ చెబుతారు. ఊపిరి అందకపోయినా, ఎదురుగా నేల మీద కూర్చున్న ముసలమ్మకి చెబుతున్నట్టే ఉంటుంది. 1919లో మొదలైన మన విజయనగరం సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. కాలికి గజ్జె కట్టి, ఐదు తాళాలు ఒకేసారి చూపిన లయబ్రహ్మ. అంత లయ ఉన్న మనిషి దాన్ని పెట్టుబడి పెట్టింది హరికథలో, జనానికి కథ చెప్పడంలో.

టెన్షన్ సంగతి అడిగావు. వచ్చే ప్రోగ్రాంలో అదే పదం మళ్లీ చెయ్యి. ముందు వరసలో ఎవరొచ్చారో చూడకు. చెలికత్తెని ఎక్కడ కూర్చోబెట్టావో చూసుకుని, ఆమెకి చెప్పు.