లింప్ ఎప్పుడు చెయ్యాలి?

ప్రశ్న: శనివారం రాత్రుళ్ళు మారతహళ్ళిలో మా ఫ్లాట్‌లో ఏడెనిమిదిమందిమి పోకర్ ఆడతాం. డబ్బుల్లేవండీ, ఉత్త చిప్సే. నేను రెయిజ్ చెయ్యకుండా (పందెం పెంచకుండా) బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టే పందేల్లో పెద్దది) మాత్రం కట్టి ఆటలోకి వెళ్తుంటే, లింప్ చేసేవాడు బాగుపడడంటాడు మా రూమ్మేట్. నిజమేనా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: డబ్బు పెట్టట్లేదన్నారు, సంతోషం. మీ రూమ్మేట్ చెప్పింది సగం నిజం. మీకు ముందు ఎవరూ ఆటలోకి రాకపోతే లింప్ వద్దు. రెయిజ్ చేస్తే అందరూ ప్యాక్ అయి బ్లైండ్లు అక్కడికక్కడే మీకు రావచ్చు. లింప్ చేశారంటే ఆ దారి మూసుకుపోయినట్టే. రమ్మీ అలవాటున్న మనవాళ్ళకి ‘ఇంకొక్క ముక్క చూద్దాం’ అనే ఆశ ఎక్కువ, అక్కడే చిప్స్ కరిగిపోతాయి.

మీకు ముందు ముగ్గురు లింప్ చేసి ఉంటే లెక్క వేరు. బ్లైండ్లు 10, 20 అనుకుందాం. మీరు డీలర్ బటన్ మీద (పంచేవాడి చోట) ఉన్నారు, చేతిలో కళావరు నాలుగు, ఆఠీను నాలుగు. మధ్యలో 90 ఉంది, మీరు కట్టాల్సింది 20. ఫ్లాప్‌లో (బల్ల మీద అందరికీ కలిపి మొదట తెరిచే మూడు ముక్కల్లో) ఇంకో నాలుగు పడేది సుమారు ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. అంటే ఏడున్నర సార్లు పోయే 20లకి, పడ్డ ఒక్కసారి 150 వస్తేగానీ గిట్టదు, ఇంకా 60 లోటు. నాలుగు పడ్డా ఒక్కోసారి ఓడిపోతాం, ఒక్కోసారి ఎవరూ కట్టరు. కాబట్టి రెండు మూడొందలైనా రాబట్టుకునే వీలుండాలి. అందరి దగ్గరా రెండేసి వేలుంటే నిక్షేపంగా లింప్ చెయ్యండి. మీ దగ్గర 200 మాత్రమే మిగిలితే ప్యాక్ చేసెయ్యండి.

ఇస్పేటు ఎనిమిది–తొమ్మిదికీ ఇదే పద్ధతి. రంగు కలవని ఆసు–ఏడుకి మాత్రం వద్దు. ఆసు పడ్డా, పక్కవాడి దగ్గర ఆసు–రాజు ఉంటే మునిగిపోతారు. మీ వెనక ప్రతిసారీ రెయిజ్ చేసే మనిషున్నా వద్దు.

జయనగర్‌లో మా బల్ల దగ్గర ఒక బ్యాంకు ఆఫీసరుగారున్నారు. చిన్న జతతో లింప్ చేసి, ఫ్లాప్‌లో మూడోది పడకపోతే, ఎవరైనా బెట్ వెయ్యగానే మధ్యలోని పాట్ వైపు చూడనైనా చూడకుండా ముక్కలు బోర్లా తోసేస్తారు. అంత నిబ్బరం ఉన్నవాళ్ళకే లింప్ కలిసొస్తుంది.

అందరూ ప్యాక్ అయి, స్మాల్ బ్లైండ్‌లో మీరూ, బిగ్ బ్లైండ్‌వాడూ మిగిలితే 30 కోసం 10 కట్టాలి. అక్కడ మధ్యరకం ముక్కలతోనూ లింప్ చెయ్యొచ్చు.

ఆసుల జత వస్తే దాచుకుని లింప్ చెయ్యకండి. ఎదుటివాళ్ళకి ఏ ముక్కలైనా వచ్చి ఉండొచ్చనుకుంటే, ఒక్కడే ఉంటే సగటున నూటికి 85 సార్లు గెలిచే ఆ జత, నలుగురుంటే 56కి దిగిపోతుంది. రెయిజ్ చేసి జనాన్ని తగ్గించండి.