బైపీసీ అమ్మాయి, సింథటిక్ బయాలజీ, లెక్కలు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. నీట్ వద్దు, సింథటిక్ బయాలజీ చదువుతానంటోంది. జన్యువుల విడిభాగాలు బిగించి బ్యాక్టీరియాతో పని చేయించవచ్చట. దీన్ని నమ్ముకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, గుంటూరు

అమ్మా, మీ అమ్మాయి చెప్పింది నిజమే. అమెరికాలోని ఎంఐటీలో కంప్యూటర్ ఇంజినీరు టామ్ నైట్ 2003లో బయోబ్రిక్స్ పద్ధతిని ప్రతిపాదించారు. జన్యువును పనిలోకి దింపే ప్రమోటర్, ప్రొటీన్ కోడ్, ఆపేసే టెర్మినేటర్ వంటి డీఎన్ఏ ముక్కలన్నిటికీ చివరలు ఒకే తీరులో ఉంటే, ఎవరు చేసిన ముక్కనైనా మరొకరి ముక్కకు అతికించవచ్చు. విద్యార్థులు ఇలాంటి ముక్కలతో పోటీపడే ఐజెమ్ అనే అంతర్జాతీయ పోటీలో కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఐసర్ తిరుపతి జట్లూ పాల్గొన్నాయి.

కానీ అతుక్కున్నంత మాత్రాన అనుకున్నట్టు పనిచేయదు. ఒకే ప్రమోటర్ పక్కనున్న జన్యువు మారినా, బ్యాక్టీరియా మారినా వేరే ఫలితం ఇస్తుంది. మనం పెట్టిన భాగాలు కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములనే వాడుకుంటాయి కాబట్టి ఆ పనిభారం ఎక్కువైతే కణం నెమ్మదిగా పెరుగుతుంది. అప్పుడు మ్యుటేషన్ (డీఎన్ఏలో వచ్చే మార్పు) వల్ల ఆ భాగం పాడైన కణాలు వేగంగా పెరిగి, మిగతావాటిని మించిపోతాయి. అందుకే ఈ రంగంలో అసలు పని డిజైన్ చేయడం, కొలవడం, మళ్లీ మార్చడం. దానికి కాల్‌క్యులస్, స్టాటిస్టిక్స్, పైథాన్ ప్రోగ్రామింగ్ కావాలి. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకుందా అని అమ్మాయిని నెమ్మదిగా అడగండి. అవునంటే ఆ భయం ఇప్పుడే పోగొట్టాలి.

డిగ్రీ పేరులో సింథటిక్ బయాలజీ ఉందా అని వెతకొద్దు. ఐసర్ ప్రవేశ పరీక్ష ఐఏటీకి బైపీసీ వాళ్లూ అర్హులే, అయితే అందులో లెక్కల ప్రశ్నలుంటాయి. నా మొదటి సలహా ఇదే. రెండోది ఈఏపీసెట్ బైపీసీ విభాగం ద్వారా బీటెక్ బయోటెక్నాలజీ. చేరే ముందు ఆ కాలేజీ సీనియర్లతో మాట్లాడండి. పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు నకళ్లు తీయడం), క్లోనింగ్ (ఆ ముక్కను బ్యాక్టీరియాలోకి ఎక్కించడం) వాళ్ల చేత చేయిస్తున్నారా, చూపించి వదిలేస్తున్నారా అని అడగండి. చూపించడమే అయితే ఫీజు తక్కువైనా చేర్చొద్దు.

ఉద్యోగాల విషయం దాచను. బీటెక్‌తో ఎక్కువగా దొరికేవి ఫార్మా కంపెనీల్లో ఉత్పత్తి, క్వాలిటీ కంట్రోల్ పనులు. డిజైన్ పనికి ఎమ్మెస్సీ, చాలాచోట్ల పీహెచ్‌డీ అడుగుతారు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు రూ.37,000 ఫెలోషిప్ ఉంటుంది. అక్కడిదాకా ఇల్లు అమ్మాయి జీతం మీద ఆధారపడకుండా నడవగలదా అన్నది ముందే కూర్చుని మాట్లాడుకోండి.